మా వాడు కంప్యూటర్ సైన్సులో పీహెచ్‌డీ అంటున్నాడు, గవర్నమెంటు ఫెలోషిప్పును నమ్ముకోవచ్చా?

రామచంద్రపురం దగ్గర్నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. అబ్బాయి కాకినాడలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ పూర్తి చేస్తున్నాడు, చేతిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఉంది. అది వదిలి పీహెచ్‌డీ చేస్తానంటున్నాడట. పెద్ద కంపెనీలే వేల కోట్లు పోసి పరిశోధన చేయిస్తుంటే గవర్నమెంటు డబ్బుతో వీడు కొత్తగా చేసేదేముంది, ఆ ఫెలోషిప్పు మీద ఐదేళ్ళు బతకొచ్చా అన్నది ఆయన బెంగ.

నేను ఆ దారినే వచ్చానండి. మాది అమలాపురం దిగువన, సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. 2011లో ఒక ప్రభుత్వ సంస్థలో పీహెచ్‌డీలో చేరాను. ఇప్పుడు డెల్టాలోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను.

నా పని మాటను అక్షరాల్లోకి మార్చడం. మనిషి మాట్లాడితే కంప్యూటర్ విని తెలుగులో రాయాలి. అప్పట్లో మాకు దొరికిన తెలుగు రికార్డింగులు దాదాపు అన్నీ వార్తలు చదివేవాళ్ళ గొంతులే. వాటితో తయారుచేసిన ప్రోగ్రాముకు మా నాన్న మాట వినిపించాను. "దాళ్వాకి నీళ్ళిత్తారో లేదోనండి" అన్నారాయన. అందులో దానికి అందింది "నీళ్ళు" ఒక్కటే. సార్వా, దాళ్వా అనే మా రెండు పంటలు, పొలానికి నీళ్ళు తెచ్చే బోదె, కొబ్బరికాయల దింపు, వాటి పీచు తీసే ఒలుపు, ఇవేవీ దానికి తెలియవు. మా మాట సాగదీసే తీరూ తెలియదు. ఆ రాత్రి నేను పడుకోలేదు. మా నాన్న మాట్లాడేది తెలుగు కాదన్నట్టుగా ఉంది ఆ తెర మీద.

తర్వాత రెండేళ్ళు రికార్డర్ పట్టుకుని లంకల్లో తిరిగాను. పంటు ఎక్కి గోదావరి దాటి, కొబ్బరి దింపు తీసేవాళ్ళ దగ్గర, వేటకు వెళ్ళొచ్చినవాళ్ళ దగ్గర, లాకుల దగ్గర కూర్చున్న ముసలివాళ్ళ దగ్గర మాటలు పోగుచేశాను. గాలి హోరులో సగం పనికిరాకుండా పోయాయి. మిగిలినవి దాదాపు 70 గంటలు. గంట మాటను తప్పుల్లేకుండా రాయడానికి ఒక మనిషికి రోజున్నర పట్టేది. అలా రాసిపెట్టినవాళ్ళకు కూలి ఇచ్చింది ప్రభుత్వ ప్రాజెక్టు డబ్బే. ఆ రోజుల్లో ఏ కంపెనీని అడిగినా ఒకటే జవాబు వచ్చేది: ఈ యాసలో కొనేవాళ్ళెంతమంది? వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళ లెక్క వాళ్ళది. కానీ కొనేవాళ్ళు లేని చోట కూడా మనుషులుంటారు కదా. ప్రజల డబ్బుతో చేశాం కాబట్టి ఆ రికార్డింగులను ఎవరైనా వాడుకునేలా బయటపెట్టాం. ఇవాళ వాటిని కాలేజీ పిల్లలూ వాడుతున్నారు, కంపెనీల వాళ్ళూ దించుకుంటున్నారు.

కంపెనీల సంగతి మీరు అడిగారు కాబట్టి చెబుతాను. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి గారు అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మాటను గుర్తించే యంత్రాల మీద పనిచేశారు. 1971లో మొదలైన ఆ పెద్ద ప్రయత్నానికి డబ్బు పెట్టింది వాళ్ళ రక్షణ శాఖ పరిశోధన సంస్థ. వెయ్యి మాటలు గుర్తిస్తే చాలన్నది అప్పటి లక్ష్యం. 1976కి హార్పీ అనే వాళ్ళ వ్యవస్థ 1,011 మాటలదాకా వెళ్ళింది. ఆ పథకం అక్కడితో ముగిసిపోయింది, 1980ల్లో మళ్ళీ డబ్బు వచ్చింది. రాజ్‌రెడ్డి గారికి 1994లో కంప్యూటర్ సైన్సులో అతి పెద్ద బహుమతి అయిన ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు, ఫైగెన్‌బామ్ అనే మరో శాస్త్రవేత్తతో కలిపి. మన మాట విని జవాబు చెప్పే సిరి ఐఫోన్‌లో పలికింది 2011లో. ఆ సిరి వెనక ఉన్నదీ అదే రక్షణ శాఖ సంస్థ డబ్బు పెట్టిన మరో ప్రాజెక్టే. హార్పీ నుంచి సిరి దాకా లెక్కేయండి, 35 ఏళ్ళు! ఏ వాటాదారుడు అన్నాళ్ళు ఆగుతాడు? గూగుల్ సంగతీ అంతే, స్టాన్‌ఫర్డ్‌లో ఇద్దరు విద్యార్థులు ప్రభుత్వ గ్రాంటు మీద నడిచిన డిజిటల్ లైబ్రరీ ప్రాజెక్టులో పనిచేస్తూ మొదలుపెట్టిందే.

మా అమ్మకు ఇదంతా చెబితే ఎక్కలేదు. తుపాను సంగతి చెప్పాక ఎక్కింది. 1996 నవంబరు 6 రాత్రి నాకు తొమ్మిదేళ్ళు. తెల్లారేసరికి మా కొబ్బరితోట నేలమీద పడుంది, వేటకెళ్ళిన మా వీధి మనుషులు కొందరు తిరిగి రాలేదు. ఇప్పుడు తుపాను ఎటు వస్తుందో, ఎక్కడ తీరం దాటుతుందో రెండు మూడు రోజుల ముందే చెబుతున్నారు. గాలినీ తేమనీ సముద్రపు వేడినీ గడులు గడులుగా విడగొట్టి లెక్కకట్టే ప్రోగ్రాములు అవి, 2018 నుంచి ప్రత్యూష్, మిహిర్ అనే సూపర్ కంప్యూటర్ల మీద కూడా నడిచాయి. ఇలాంటి పెద్ద యంత్రాలను 1980ల్లో అమెరికా మనకు అడిగినంత ఇవ్వనంటే, 1988లో సీడాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థను పెట్టుకుని 1991కి పరమ్ 8000 మనమే కట్టుకున్నాం. తుపాను హెచ్చరికకు బిల్లు ఎవరికి పంపుతారు? అది అందరికీ ఊరికే అందాలి, అందుకే అందరి డబ్బుతోనే జరగాలి.

ఇక బతుకు సంగతి. ఇక్కడ మీ భయం నిజమే, దాచను. నాకు మొదట నెలకు 16,000 ఇచ్చేవారు. ఒకసారి ఎనిమిది నెలలు రాలేదు. ఇచ్చిన డబ్బు ఖర్చయిందని చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఎక్కడో ఒక కార్యాలయంలో ఆగిందన్నారు, ఎవర్ని అడగాలో మాకెవరికీ తెలియదు. మెస్ బిల్లు పెరిగిపోతుంటే మా నాన్న దింపు డబ్బులు పంపారు. కొత్తగా పెళ్ళైన మా సీనియర్ ఒకాయన ఆ ఏడాదే మానేసి ఉద్యోగంలో చేరిపోయాడు, మా అందరిలోకీ బుర్ర ఉన్నవాడు. 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు (జేఆర్‌ఎఫ్) నెలకు 37,000, రెండేళ్ళ తర్వాత 42,000, ఇంటద్దె వేరే. మొత్తం పెరిగింది. నెలనెలా పడటం అన్నది మాత్రం ఇప్పటికీ సంస్థను బట్టి ఉంటుంది.

దేశం మొత్తమ్మీద 2020-21లో పరిశోధనకు పెట్టింది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. దక్షిణ కొరియా ఐదు శాతానికి దగ్గర్లో ఉంది. అక్కడ ఎక్కువ భాగం కంపెనీలే పెడతాయి నిజమే, మన దగ్గర సగానికి పైగా ప్రభుత్వానిదే. అంటే ఆ కాస్త తగ్గినా మనకు పక్కన ఇంకో చెరువు లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది, మన అన్నం అక్కడినుంచే వచ్చింది. అయినా కాలువ నిండుగా పారుతున్నప్పుడు కూడా మా పొలానికి నీరు ఎక్కేది కాదు, మాది శివారు. పరిశోధన డబ్బు కూడా అచ్చం అలాగే పారుతోంది. ఐఐటీలకూ పెద్ద సంస్థలకూ ముందు అందుతుంది. పరిశోధనలకు డబ్బిచ్చేందుకు 2023లో చట్టం చేసి పెట్టిన జాతీయ సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్‌కు ఐదేళ్ళలో 50,000 కోట్లు అన్నారు, అందులో పెద్ద భాగం ప్రభుత్వం బయటినుంచి రావాలి. అందులో మా వైపుకు ఎంత వస్తుందో అని ఎదురుచూస్తున్నాను. నాకు వారానికి 18 గంటల క్లాసులు, వాటి మీద కాలేజీ గుర్తింపు కోసం అక్రిడిటేషన్ ఫైళ్ళు. ఎండాకాలంలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగమంటారు. ల్యాబులో ఇలాంటి పెద్ద లెక్కలు వేగంగా చేసే మంచి జీపీయూ చిప్పు ఒక్కటీ లేదు. పోయినేడాది ఒక పిల్ల, వాళ్ళమ్మ ఒలుపు పని చేస్తుంది, నా పాత రికార్డింగులు తీసుకుని ఇంట్లో ల్యాప్‌టాప్ మీద రాత్రుళ్ళు నడిపి నా పీహెచ్‌డీ ఫలితం కన్నా మెరుగైనది చూపించింది. ఆ పిల్లకు ఒక చిన్న గ్రాంటు ఇప్పించడానికి నాకు దారి దొరకలేదు. ఉద్యోగంలో చేరిపోయింది.

కాబట్టి మీ అబ్బాయిని ఆపకండి, కానీ వట్టి చేతులతో పంపకండి. నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం ఉంటే ఎంటెక్ లేకుండానే నేరుగా పీహెచ్‌డీకి వెళ్ళొచ్చని 2022 యూజీసీ నిబంధనల్లో ఉంది. గేట్ రాయమనండి. జేఆర్‌ఎఫ్ కోసం ఏడాదికి రెండుసార్లు జరిగే నెట్ పరీక్ష కూడా రాయమనండి. ఫెలోషిప్పు తన పేరున ఉంటే గైడు దగ్గర ప్రాజెక్టు అయిపోయినా ఇబ్బంది ఉండదు. ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని చేరమనండి. సంస్థ పేరు చూసి గైడును తేల్చుకోవద్దు. చేరేముందు రెండు రోజులు ఆ ల్యాబుకు వెళ్ళి, అక్కడి స్కాలర్లతో టీ తాగుతూ, ఫెలోషిప్పు చివరిసారి ఏ నెలలో పడిందో అడిగి రమ్మనండి.