పాత ఇంపెల్లర్ రెక్కలు లెక్కపెట్టారా?

మీ బోటు ఇంజిన్ రేవులో నెమ్మదిగా తిరిగినంతసేపు వేడి చూపే ముల్లు కదలడం లేదని, సముద్రంలోకి వెళ్లి వేగం పెంచగానే ఎర్రగీతకు చేరుతోందని రాశారు. థర్మోస్టాట్ మార్చారు, ఇంజిన్‌ను చల్లబరిచే ఉప్పునీటి పంపులో కొత్త ఇంపెల్లర్ (నీటిని నెట్టే రబ్బరు రెక్కల చక్రం) వేశారు. మరి తీసేసిన పాత ఇంపెల్లర్‌కు రెక్కలన్నీ ఉన్నాయా?

విశాఖలో మా మరబోటుకూ ఇదే జబ్బు వచ్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజులూ ఇంజిన్ తిప్పలేదు. ఒకే వంపులో ఉండిపోయిన రబ్బరు రెక్కలు మొదటి రోజే మూడు తెగిపోయాయి. కొత్తది వేసి, పని అయిపోయిందనుకున్నాం. మర్నాడు మళ్లీ వేడి. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద బిగించే పలుచని అడ్డు) పోయిందని మెకానిక్ అంటే నమ్మి హెడ్ విప్పించాం. గాస్కెట్ నిక్షేపంలా ఉంది, పోయింది మా డబ్బే. చివరికి హీట్ ఎక్స్‌ఛేంజర్ (ఇంజిన్‌లో తిరిగే కూలెంటును ఉప్పునీటితో చల్లబరిచే భాగం) మూత తీస్తే రెండు రెక్కలు సన్నగొట్టాల మూతులకు అడ్డంపడి ఉన్నాయి. మూడోది దాని ముందున్న రబ్బరు గొట్టం వంపులో దొరికింది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పుట్టే వేడి తక్కువ కాబట్టి సందుల్లోంచి జారే కొద్ది నీరే సరిపోతుంది. లోడు పడితే చాలదు. మీ లక్షణం కూడా అదే.

అసలు హెడ్ జోలికి వెళ్లకముందే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంటు మూత తీసి స్టార్ట్ చేసి, బుడగలు ఆగకుండా వస్తున్నాయేమో చూడవలసింది. రాకపోతే గాస్కెట్ మీద అనుమానం చాలావరకు తగ్గుతుంది. వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ మూత ముట్టుకోకండి, మరిగే నీరు మొహం మీదికి చిమ్ముతుంది.

రెక్కలు సరిగానే ఉంటే నీటి దారి వెంటే వెళ్లండి. బోటు అడుగున సముద్రపు నీరు లోపలికి వచ్చే వాల్వు మూసి, దాని గొట్టం ఊడదీసి, మళ్లీ కొద్దిగా తెరవండి. నీరు ఉరకాలి. బొటబొటా కారితే బయట ప్లాస్టిక్ సంచో గుల్లలో అడ్డుపడ్డట్టే. స్ట్రైనర్ జల్లెడ కడగడం అందరూ చేస్తారు, దాని మూత కింది రబ్బరు రింగు ఎవరూ చూడరు. అది చీలితే పంపు నీటికి బదులు గాలి పీలుస్తుంది. ఎక్స్‌ఛేంజర్ విప్పినప్పుడు జింకు కడ్డీ (తుప్పు పట్టకుండా లోపల పెట్టేది) ముక్కలు కూడా ఏరండి, అరిగి విరిగినవి అక్కడే పోగవుతాయి. పేరుకున్న ఉప్పు గారను గట్టి ఇనుప చువ్వతో పొడవకండి, గొట్టం చిల్లుపడితే కూలెంటులో సముద్రం కలుస్తుంది.

తర్వాత పొగ గొట్టంలో ఉప్పునీరు కలిసే ఎల్బో, అంటే వంపు గొట్టం, చూడండి. బయటికి దిట్టంగా కనిపించినా లోపల తుప్పు, మసి కలిసి చిటికెన వేలు దూరనంతగా పూడిపోయినవి చూశాను. విప్పి చూస్తే తప్ప తెలియదు.

ఒకవేళ నీరు దండిగా వస్తూ, నల్లపొగ కూడా ఉంటే తప్పు నీటిది కాకపోవచ్చు. బోటు అడుగున గుల్లలు పట్టినా, ఫ్యాన్‌కు (ప్రొపెల్లర్‌కు) వల చుట్టుకున్నా ఇంజిన్ మోయలేని బరువు లాగుతుంది.

పాత ఇంపెల్లర్ పారేయకుండా ఉంటే, ఎన్ని రెక్కలు తక్కువో చూసి ఇక్కడే రాయండి.