టెక్ సందేహాలు: వాచీలో క్యాలరీలు, కంచంలో అన్నం

ఈసారి వచ్చిన మెయిళ్లలో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. చేతికున్న వాచీ రోజంతా ఎన్ని క్యాలరీలు ఖర్చయ్యాయో చూపిస్తోంది, ఆ అంకెను బట్టి తిండి పెంచుకోవచ్చా, తగ్గించుకోవచ్చా అని. ఏ ఫోన్ కొనాలి, ఏ ల్యాప్‌టాప్ మేలు అన్న ప్రశ్నలను వచ్చే వారానికి జరిపి, చోటంతా దీనికే ఇస్తున్నాను. ఫోను ఎంపికలో పొరపాటైతే డబ్బుతో పోతుంది. ఇది ఒంటితో ముడిపడిన వ్యవహారం.

*నాకు 46 ఏళ్లు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డులో ముప్పావు గంట నడుస్తాను. నడక అయ్యేసరికి మా అబ్బాయి కొనిచ్చిన వాచీ 340 క్యాలరీలు ఖర్చయ్యాయంటుంది. తిన్నది రాసుకునే యాప్ నాకు రోజుకు 1,500 ఇచ్చింది. వాచీ అంకెను దానికి కలిపి 1,840 దాకా తినొచ్చని చూపిస్తోంది. లెక్క తప్పకుండా అంతే తింటున్నాను. రెండు నెలల్లో తగ్గకపోగా కిలో పెరిగాను. వాచీ పాడైందంటారా?*
*– ఒక గృహిణి, ఎం.వి.పి. కాలనీ*

వాచీ పాడవలేదమ్మా. దానికి చేతకాని పని మనం అప్పజెప్పాం.

క్యాలరీలను వాచీ కొలవదు, ఊహిస్తుంది. నిజంగా కొలవాలంటే ల్యాబ్‌లో ముఖానికి మాస్కు తగిలించి, పీల్చిన ఆక్సిజన్ ఎంత, వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఎంత అని లెక్క కట్టాలి. వాచీ చేతిలో ఉన్నవి రెండే ఆధారాలు. వెనక మినుకుమినుకుమనే పచ్చ లైటు చర్మం కింద రక్తం పొంగే తీరు చూసి గుండె వేగాన్ని పట్టుకుంటుంది. లోపలి మోషన్ సెన్సర్ చేతి ఊపును చూస్తుంది. ఈ రెంటికీ మీ వయసు, ఎత్తు, బరువు, ఆడా మగా అన్నది కలిపి, కంపెనీ తయారు చేసుకున్న సూత్రంలో వేస్తే బయటికొచ్చే అంకె అది. ఆధారాల్లో ఏ ఒక్కటి తప్పినా అంకె తప్పుతుంది.

మీ విషయంలో ఏది తప్పిందో చూద్దామని మిమ్మల్ని ఒక పని చేయమన్నాను. నడక మధ్యలో ఆగకుండా మెడ దగ్గర రెండు వేళ్లు పెట్టి నాడి లెక్కపెట్టండి, అదే నిమిషంలో వాచీ ఏం చూపిస్తోందో రాయండి అని. మర్నాడే జవాబు పంపారు: చేత్తో లెక్కపెడితే 98, వాచీలో 118. నిమిషానికి వేసిన అడుగులు కూడా లెక్కపెట్టారు, అవీ 118. ఇది వాచీల్లో తెలిసిన జబ్బే. పట్టీ వదులుగా ఉంటే, అడుగడుక్కీ వాచీ ఎగిరి పడే లయను సెన్సర్ నాడి అనుకుంటుంది. మీరు పంపిన ఫొటోలో వాచీ గాజులకు ముందు, మణికట్టు ఎముక మీదికి జారి ఉంది. గాజులు దాన్ని తోసేస్తున్నాయి. నడిచేటప్పుడు వాచీని ఎముకకు రెండు వేళ్ల ఎత్తున, గాజులు లేని చేతికి, పట్టీ ఒక రంధ్రం బిగించి పెట్టుకోండి. ఇంటికొచ్చాక మళ్లీ వదులు చేయండి. లేకపోతే చెమటకు చర్మం ఒరుసుకుపోతుంది.

విశాఖలో ఉండేవాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. మన ఉక్కపోత. సముద్రపు గాలిలో తేమకు చెమట ఆరదు. ఒళ్లు చల్లబడాలంటే చర్మానికి ఎక్కువ రక్తం పంపాలి, అందుకోసం గుండె వేగంగా కొట్టుకోవాలి. మే నెలలో, జనవరిలో అదే దూరం అదే వేగంతో నడిచినా నాడి ఒకటి కాదు. కాళ్లు చేసిన పని మారకపోయినా వాచీ మాత్రం మే నెలలో ఎక్కువ క్యాలరీలు రాస్తుంది. స్ట్రాంగ్ కాఫీ తాగి బయల్దేరినా, ఇంట్లో గొడవపడి వచ్చి నడిచినా ఇదే జరగొచ్చు. బీపీకి, గుండెకు వాడే మందుల్లో కొన్ని నాడిని తగ్గిస్తాయి. అవి వేసుకునేవాళ్ల వాచీలో అంకె దీనికి తలకిందులుగా, ఉన్నదానికంటే తక్కువగా పడుతుంది.

వాచీ లేకుండా నడక ఖర్చు తెలుసుకునే మోటు లెక్క ఒకటి చెబుతాను, రాసిపెట్టుకోండి. మీ బరువు కిలోల్లో, నడిచిన దూరం కిలోమీటర్లలో. రెంటినీ హెచ్చించి సగం చేయండి. చదునైన దారిలో మామూలు నడకకు అదనంగా ఖర్చయ్యే క్యాలరీలు దాదాపు అంతే. కైలాసగిరి ఎక్కితే ఇది సరిపోదు. ముప్పావు గంటలో మీరు సుమారు 3.6 కిలోమీటర్లు నడుస్తారు. 72ను 3.6తో హెచ్చించి సగం చేస్తే 130. యాప్ మీకు కలిపింది 340.

ఇక రోజు లెక్క. శరీరం కదలకుండా పడుకున్నా అయ్యే ఖర్చుకు 1990 నుంచి వాడుకలో ఉన్న మిఫ్లిన్ సూత్రం ప్రకారం మీకు 1,300 వస్తుంది. ఇంటి పనులతో కలిపి సుమారు 1,560, నడకతో 1,690. మీరు తిన్నది 1,840. రోజుకు 150 చొప్పున అరవై రోజులకు 9,000. కిలో కొవ్వుకు దాదాపు 7,700 అని వేసుకుంటే, పెరిగిన కిలో ఎక్కడి నుంచి వచ్చిందో కనిపిస్తుంది. ఒళ్లు ఇంత కచ్చితంగా లెక్కల పుస్తకంలా నడవదు గానీ దారి మాత్రం ఇదే. యాప్ మొదట ఇచ్చిన 1,500 దగ్గర ఆగి ఉంటే నెమ్మదిగా తగ్గేవారు.

కాబట్టి ముందు చేయాల్సింది, తిండి యాప్‌కూ వాచీకీ ఉన్న లింకు తీసేయడం. యాప్ సెట్టింగ్స్‌లో కనెక్ట్ అయిన యాప్‌లు, డివైజ్‌లు అన్న చోట ఉంటుంది. వ్యాయామం క్యాలరీలను తిండి కోటాకు కలపడం ఆగిపోవాలి.

కంచం వైపు లెక్క కూడా గట్టిది కాదు. యాప్‌లో 'మసాలా దోసె' అని వెతికితే వచ్చే అంకెల్లో చాలా భాగం ఎవరెవరో ఎక్కించినవి. మీ పెనం మీద ఎంత నూనె పడిందో వాళ్లకేం తెలుసు? ఒక పెద్ద చెంచా నూనె, అంటే 15 మిల్లీలీటర్లు, 120 క్యాలరీలకు పైమాటే. మీ పొద్దుటి నడకంతా ఆ ఒక్క చెంచాకు సరి. అందుకని నూనె ప్యాకెట్ కత్తిరించిన రోజున దాని మీద స్కెచ్ పెన్నుతో తేదీ వేయండి. లీటరు నూనెలో సుమారు 8,200 క్యాలరీలు ఉంటాయి. నలుగురున్న ఇంట్లో అది పది రోజులకు అయిపోతే, మనిషికి రోజుకు 205 నూనె రూపంలోనే వెళ్తున్నట్టు. బియ్యం కూడా వండక ముందే తూయండి. వంద గ్రాముల బియ్యానికి 350 చిల్లర. అన్నంగా మారాక నీళ్లు ఎన్ని పోశారన్న దాన్ని బట్టి తూకం మారిపోతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో 528 పదార్థాల వివరాలున్నాయి. యాప్‌లో ఎవరో ఎక్కించిన దోసె కంటే నేను వాటినే నమ్ముతాను.

మరి వాచీ ఎందుకంటారా? మీ నిన్నటిని మీ ఇవాళ్టితో పోల్చడానికి. అదే వాచీ, అదే చేయి, అదే బిగింపు. గత వారం సగటు కంటే ఈ వారం సగటు పెరిగిందంటే మీరు ఎక్కువ కదిలారు. ఆ మాట వరకు నమ్మొచ్చు. తిండి ఎంతన్నది ఒంటి బరువు చూసే మిషను చెప్పాలి. పొద్దున్నే, ఏమీ తినకముందు, వారానికి మూడుసార్లు చూసుకుని సగటు రాయండి. మూడు వారాలు చూశాక కంచంలో మార్పు చేయండి. రెండు రోజులకే కంగారుపడకండి, ఆవకాయ అన్నం తిన్న మర్నాడు ఉప్పుకు నీరు నిలిచి బరువు పెరిగినట్టు కనిపిస్తుంది.

*నేనూ మా బావమరిదీ సింహాచలం గిరిప్రదక్షిణ చేశాం. తెల్లవారుజామున రెండింటికి తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి 32 కిలోమీటర్లూ కలిసే నడిచాం. రాత్రి చూస్తే నా వాచీలో 3,100, వాడి దాంట్లో 1,280. నా బరువు 84, వాడిది 66. ఇంత తేడా ఏంటండీ?*
*– గోపాలపట్నం పాఠకుడు*

మీ ఇద్దరి వాచీలూ వేర్వేరు సంగతులు చెబుతున్నాయి. స్క్రీన్ మీద అంకె కింద చిన్న అక్షరాలు చూడండి. మీ దాంట్లో 'టోటల్' అని ఉంటుంది. అంటే పడుకున్నా ఖర్చయ్యేది కూడా కలిపి రోజు మొత్తం. మీ బావమరిది దాంట్లో 'యాక్టివ్', అంటే కదలికకు అయిన ఖర్చు మాత్రమే. పైన చెప్పిన మోటు లెక్క వేయండి. మీ నడకకు 1,344, అతనికి 1,056. మీ 3,100లోంచి విశ్రాంతి ఖర్చు, మీ బరువు వాళ్లకు 1,700 ప్రాంతం, తీసేస్తే 1,400 మిగులుతుంది. చూశారా, ఇద్దరివీ దగ్గరకొచ్చేశాయి.

ఒకే రకం అంకెను పోల్చినా తేడాలు తప్పవు. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాల పట్టీలు, వాచీలను 60 మందికి పెట్టి నడిపించి, పరిగెత్తించి, సైకిల్ తొక్కించి చూశారు. నాడి విషయంలో ఏడింటిలో ఆరు ఐదు శాతం లోపు తేడాతో నిలబడ్డాయి. క్యాలరీల దగ్గరికి వచ్చేసరికి అన్నిటికంటే మంచిదే సగటున 27 శాతం తప్పింది, చివరిది 93 శాతం. ఆ మోడళ్లు పాతవే, సెన్సర్లు అప్పటి కంటే బాగుపడ్డాయి. సూత్రం మాత్రం ఇప్పటికీ అంచనాయే.

ప్రొఫైల్ కూడా ఒకసారి తెరిచి చూసుకోండి. తమ్ముడి వాచీ అక్కకు, కొడుకు వాచీ అమ్మకు మారుతుంటాయి, వివరాలు మాత్రం పాతవాళ్లవే ఉండిపోతాయి. 27 ఏళ్లు, 178 సెంటీమీటర్లు, 80 కిలోల కుర్రాడి వివరాలతో మొదటి ఉత్తరం రాసిన అమ్మ వాచీ పెట్టుకుంటే, నడవకముందే రోజుకు 480 క్యాలరీలు ఎక్కువ రాస్తుంది.

*నాది మూడు షిఫ్టుల ఉద్యోగం. నైట్ డ్యూటీ రోజుల్లో వాచీ లెక్క రెండు ముక్కలవుతోంది. పైగా బండి మీద వెళ్తే కూడా అడుగులు పడుతున్నాయి.*
*– గాజువాక*

వాచీ రోజు అర్ధరాత్రికి మారిపోతుంది, మీ రోజు మారదు. రోజు లెక్క వదిలేసి ఏడు రోజుల సగటు ఒక్కటే చూడండి. గతుకుల రోడ్డు కుదుపులను వాచీ అడుగులనుకుంటుంది, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. అయితే ఫోనూ వాచీ రెండూ అడుగులు రాస్తుంటే రెండింటినీ కలిపేయకుండా చూసుకోండి. ఆండ్రాయిడ్‌లో హెల్త్ కనెక్ట్‌లో, ఐఫోన్‌లో హెల్త్ యాప్‌లో డేటా మూలాల వరుస ఉంటుంది. వాచీని పైకి జరపండి.

*మా నాన్నగారు ఇన్సులిన్ తీసుకుంటారు. వాచీ క్యాలరీలను బట్టి డోసు మార్చొచ్చా? సూది లేకుండా షుగర్ చూపించే వాచీ కొనమని ఒకరు చెబుతున్నారు.*
*– సీతమ్మధార*

రెండూ వద్దు. డోసు డాక్టరుగారే మార్చాలి. చర్మానికి సూది గుచ్చకుండా షుగర్ కొలుస్తామనే వాచీలను, ఉంగరాలను నమ్మి వాడొద్దని అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అలాంటి వాటిలో ఒక్కదానికీ తాము అనుమతి ఇవ్వలేదని చెప్పింది. తప్పు రీడింగ్ చూసి ఇన్సులిన్ ఎక్కువ తీసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. స్ట్రిప్పులు వాడే గ్లూకోమీటరు గానీ, డాక్టరు రాసిన సీజీఎం (చర్మం కింద సన్నని సెన్సర్‌తో షుగర్‌ను ఎప్పటికప్పుడు చూపించే పరికరం) గానీ వాడండి.

*హాస్టల్లో ఉంటున్నాను. 19 ఏళ్లు, 158 సెంటీమీటర్లు, 48 కిలోలు. క్లాసుల వల్ల కదలిక తక్కువ. రాత్రికి వాచీలో 210 మాత్రమే ఉంటోంది. 210 ఖర్చు చేసి మెస్‌లో అన్నం తినడం తప్పనిపించి రెండు బిస్కెట్లతో సరిపెడుతున్నాను. వాచీలో ఆ రోజు టార్గెట్ చూపించే రింగు నిండకపోతే నిద్ర పట్టదు. మూడు నెలలుగా పీరియడ్స్ రాలేదు. యాప్‌లో టార్గెట్ ఎంత పెట్టుకోవాలి?*
*– మధురవాడ*

తల్లీ, ఈ ఉత్తరం చదివి నాకు స్థిమితం లేకపోయింది. అందుకే ముందు మెయిల్‌లో జవాబిచ్చి, ఇంకా ఎంతమంది అమ్మాయిలు ఇదే పొరపాటులో ఉన్నారో అని ఇక్కడా రాస్తున్నాను.

నువ్వు చూస్తున్న 210 నీ శరీరం ఖర్చు చేసిన మొత్తం కాదు. గోపాలపట్నం ఆయనకు చెప్పానే, యాక్టివ్ అని, అది. మంచం మీంచి లేవకపోయినా నీ గుండె, మెదడు, కాలేయం, ఊపిరితిత్తులు రోజుకు 1,200 క్యాలరీలు వాడతాయి. క్లాసులకు తిరగడం, మెట్లెక్కడం కలిపితే 1,400 దాటుతుంది. ఆ పెద్ద అంకెను వాచీ మొదటి స్క్రీన్ మీద పెట్టలేదు. నీ తప్పు లేదు, అది స్క్రీన్ డిజైన్ చేసినవాళ్ల తప్పు. నీ ఎత్తుకు నీ బరువు ఎక్కువ కూడా కాదు. తిండి చాలనప్పుడు శరీరం ముందుగా ఆపే పనుల్లో నెలసరి ఒకటి. దానికి వేరే కారణాలూ ఉండొచ్చు, అందుకే ఈ వారంలోనే లేడీ డాక్టరును కలువు. వెళ్లేటప్పుడు అమ్మనో, అక్కనో, రూమ్‌మేట్‌నో తోడు తీసుకెళ్లు.

టార్గెట్ ఏదీ వద్దు. వాచీ యాప్‌లో నోటిఫికేషన్లు తెరిచి మూవ్ రిమైండర్లు, గోల్ అలర్టులు ఆపెయ్. మొదటి స్క్రీన్ మీంచి క్యాలరీల టైల్‌ను తీసెయ్, వాచ్‌ఫేస్‌ను ఒట్టి టైమ్ చూపించేదానికి మార్చు. తిండి యాప్‌ను ఫోన్‌లోంచి పూర్తిగా తొలగించు. అది కూడా కష్టమనిపిస్తే వాచీని కొన్నాళ్లు అమ్మకిచ్చి దాచమను.

మెస్ రాత్రి ఎన్నింటికి మూస్తారో నాకు తెలియదు. ఇది చదివేసరికి ఇంకా తెరిచే ఉంటే, వెళ్లి అన్నం, పప్పు, పెరుగు పెట్టించుకుని తిను.