ఆదివారం పొద్దున ఎక్కడికి నడుద్దాం?

ప్రశ్న: మేం మియాపూర్‌లో ఉంటాం. హైదరాబాద్ వచ్చి చాలా ఏళ్లయినా ఆఫీసు, మాల్, పిల్లాడి స్కూలు తప్ప మాకేమీ తెలియదు. వాడికి పదేళ్లు, సైకిల్ తొక్కడం వచ్చు. వాడికి ఊరు చూపిద్దామంటే మావారు "ఈ ట్రాఫిక్‌లో నడవడమేంటి, దుమ్ము తప్ప ఏముంది?" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు? సైకిల్ మీద వెళ్లొచ్చా?
– ఓ పాఠకురాలు

జవాబు: మీవారి మాటలో నిజం ఉందమ్మా. మన ఫుట్‌పాత్‌ల సంగతి తెలిసిందే. అందుకే ఆదివారం పొద్దున్నే, అంగళ్లు తెరవకముందే వెళ్లాలి. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారక్కర్లేకుండా ఎంజీబీఎస్‌లో దిగొచ్చు. అక్కణ్ణుంచి అఫ్జల్‌గంజ్‌కి నడిచి, ముందు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని పాత చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్లండి. రోగులుండే చోటు కాబట్టి గేటు దగ్గర అడిగి, నెమ్మదిగా వెళ్లండి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతుర్ని ఆ వరదలోనే పోగొట్టుకున్నారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది ఆ తర్వాతే. మూసీ మీద గండిపేట చెరువు, దాని ఉపనది ఈసా మీద హిమాయత్‌సాగర్ వచ్చింది మళ్లీ అలాంటి వరద రాకూడదనే. ఇదంతా పిల్లాడికి కొమ్మల కిందే నిలబెట్టి చెప్పండి. ఆ తర్వాత నయాపూల్ దాటేటప్పుడు మూసీని చూస్తే, ఈ నదా అంత పని చేసింది అని వాడే అడుగుతాడు.

వంతెన దాటాక మదీనా, పత్తర్‌గట్టి మీదుగా తిన్నగా నడవండి. పత్తర్‌గట్టిలో రాతి కమాన్ల వరస బాగా కనబడేది షట్టర్లు మూసి ఉన్నప్పుడే. పదకొండు దాటాక బట్టలూ జనమే కనిపిస్తారు. గుల్జార్‌హౌజ్ దగ్గర ఆగి నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు లెక్కపెట్టమనండి. చార్మినార్ ఎదురుగానే ఉంటుంది. 1591 నాటి కట్టడం, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. అక్కడ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ కానిచ్చి ఎండెక్కకముందే తిరిగొచ్చేయండి. ఒక్క పూటలో గోల్కొండ కూడా చుట్టేద్దామనుకోవద్దు, పిల్లాడికి కాళ్లనొప్పులే మిగులుతాయి.

మిగతా వారాలు మీ కాలనీ చాలు. ఏదో ఒక వీధి పట్టుకుని ఏడాది పొడుగునా అదే వీధిలో నడవండి. ఎండాకాలం మొదట్లో ఆకు రాల్చిన కానుగ కొద్దిరోజుల్లోనే నిగనిగలాడే లేతాకు తొడుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రేలపూలు పసుపుగా వేలాడతాయి. కోయిల పిలుస్తుంటే ఆగి వెతకమనండి. 'కూ' అని కూసేది మగది, నల్లగా ఉంటుంది, కన్ను ఎర్రన. ఆడది గోధుమ రంగు, ఒళ్లంతా తెల్లటి చుక్కలు, 'కిక్ కిక్' అని గబగబా అరుస్తుంది. ఈ రెండూ ఒకే జాతంటే పెద్దవాళ్లే నమ్మరు! దగ్గర్లో కాకి గూడుందేమో కూడా చూడమనండి, కోయిల గుడ్లు పెట్టేది అందులోనే.

సైకిల్ విషయంలో మాత్రం నేను కచ్చితంగా చెబుతాను: పదేళ్ల పిల్లాణ్ని మియాపూర్ మెయిన్ రోడ్డు ఎక్కనివ్వొద్దు. కాలనీ లోపలి వీధులు చాలు, అదీ హెల్మెట్ పెట్టుకునే. ఎక్కువ దూరం తొక్కాలని సరదా పడితే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ 2023లో తెరిచారు. తొక్కడానికి హాయిగా ఉంటుంది, కానీ అక్కడ ఊరు కనబడదు.

చలికాలం రాగానే అమీన్‌పూర్ చెరువుకి వెళ్లండి, మీకు దగ్గరే. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చెరువది. వలస పక్షులొస్తాయి. గట్టు మీద కదలకుండా కూర్చుంటేనే అవి దగ్గరకొస్తాయి. బైనాక్యులర్ ఇప్పుడే కొనకండి, ముందు ఎవరినైనా అడిగి తీసుకెళ్లండి. వాడే మళ్లీ వెళ్దామంటే అప్పుడు కొనొచ్చు.