మాటిచ్చిన పని మధ్యలో మానేస్తే తప్పా?

ప్రశ్న: ఇంటి నుంచే ఫ్రీలాన్స్‌గా గ్రాఫిక్ డిజైన్ చేస్తాను. ఓ చిన్న సంస్థతో ఏడాది కాంట్రాక్టు ఉంది, ఇంకా నాలుగు నెలలు మిగిలింది. ఇచ్చేది తక్కువ, అదీ ఎప్పుడూ ఆలస్యమే. ఒక్కో డిజైన్‌ను పదేపదే మార్పిస్తారు, ఆ అదనపు పనికి పైసా రాదు. ఇప్పుడు మరోచోట దాదాపు రెట్టింపు ఇస్తామంటున్నారు, రెండు వారాల్లో చేరాలట. పాత పని చూపించింది మా ఆడపడుచు భర్త. అన్నయ్య నొచ్చుకుంటారని భయం. మా ఆయనేమో ‘రేపటి నుంచి వాళ్ల ఫోన్ ఎత్తకు, అదే సర్దుకుంటుంది’ అంటున్నారు. ఏం చేయను?

జవాబు: మీ భయాలన్నీ రాశారు గానీ, కాంట్రాక్టులో ఏముందో ఒక్క ముక్క రాయలేదు. ముందు ఆ కాగితం తీసి, నిదానంగా చదవండి. గడువుకు ముందే ఆపాలంటే ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలో చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. మీ దాంట్లోనూ ఉంటే, ఆ నోటీసు ఇచ్చి తప్పుకోవడం మాట తప్పడం కిందికి రాదు. ఇద్దరూ ఒప్పుకుని సంతకం చేసిన షరతే అది. మధ్యలో మానేస్తే జరిమానా అని గానీ, ఫలానా వాళ్లకు పని చేయకూడదని గానీ ఉంటే మాత్రం ఆ పేజీని ఓ లాయరుకు చూపించండి. నోటీసు ఊసే లేకపోతే, మీరే ఒక తేదీ చెప్పి, ఇద్దరి ఇష్టంతో ముగిస్తున్నట్టు రాతలో ఒప్పించుకోవాలి. వాళ్లు డబ్బు ఆలస్యం చేసిన సంగతి అక్కడ పనికొస్తుంది. ఏ బిల్లు ఎప్పుడు పంపారో, డబ్బు ఎప్పుడు పడిందో తేదీలతో రాసి పెట్టుకోండి.

మీవారి సలహా నాకు నచ్చలేదు. మీకు రావలసిన డబ్బు ఇంకా వాళ్ల దగ్గరే ఉంది కదా. మీరు ఫోన్ ఎత్తకపోతే, అది ఎగ్గొట్టడానికి సాకు మీరే ఇచ్చినట్టవుతుంది.

ఇక కొత్త పని. ‘రెట్టింపు’ అన్న మాట దగ్గరే ఆగిపోకండి. అది ఎన్ని గంటల పనికి? ఎన్ని నెలలపాటు? రెండు నెలల్లో అయిపోయే పనైతే, నాలుగు నెలల పాత పని వదిలి మీకు మిగిలేది ఏమీ లేదు. పైగా మిమ్మల్ని విసిగించింది అంతులేని మార్పులు. ఆ బెడద అక్కడ ఉండదని ఎవరు చెప్పారు? ఎన్నిసార్ల వరకు మార్పులు ఉచితం, ఆపైన ఎంత, బిల్లు పంపిన ఎన్ని రోజులకు డబ్బు వస్తుంది, ఆపాలంటే నోటీసు ఎంత అన్నవి కాగితం మీదికి రావాలి. నోటి మాటకు పాత పని వదులుకోవద్దు. కొత్త కాంట్రాక్టు మీద రెండు సంతకాలూ పడ్డాకే నోటీసు ఇవ్వండి. నోటీసు గడువు రెండు వారాలు దాటేలా ఉంటే, చేరే తేదీ కాస్త జరపమని ఇప్పుడే అడగండి. దానికే ముఖం మాడ్చుకుంటే, వాళ్ల తీరేమిటో చేరకముందే తెలిసిపోతుంది.

నోటీసులో పాత గొడవలు తవ్వొద్దు. ‘ఫలానా తేదీ వరకు పని చేస్తాను. చేతిలో ఉన్న ఈ మూడు డిజైన్లు ఆలోగా పూర్తిచేసి ఇస్తాను. ఇంతవరకు పెండింగులో ఉన్న బిల్లులు ఇవి.’ ఈ మాత్రం చాలు. అడ్వాన్సు తీసుకుని ఉంటే దానికి తగ్గ పని చేయండి, లేదా తిరిగిచ్చేయండి. ఇప్పుడు వాళ్లు రేటు పెంచుతామంటే ఉంటారా? ఆ సంగతి ముందే తేల్చుకోండి. ఉండే ఉద్దేశం లేనప్పుడు బేరం దేనికి?

అన్నయ్యగారికి మాత్రం ఆ సంస్థవాళ్ల నోటి నుంచి తెలియకూడదు. నోటీసు పంపే రోజే ఫోన్ చేయండి. (ఫోన్ ఎత్తొద్దన్న మీవారి చేతే ఈ ఫోన్ చేయించాలని నాకు సరదాగా ఉంది గానీ, మీరు చేస్తేనే బాగుంటుంది.) ‘అన్నయ్యా, మీరు చూపించిన పని వల్లే ఇన్నాళ్లు గడిచింది. ఇప్పుడు మంచి అవకాశం వచ్చింది. పద్ధతిగా నోటీసు ఇచ్చి, చేతిలో ఉన్నది పూర్తిచేసే వస్తున్నాను’ అని చెప్పండి. వెళ్లొచ్చా అని అడగకండి. ఆయన పని చూపించారు, కాంట్రాక్టు మీద సంతకం మీది. నాలుగు రోజులు ముభావంగా ఉంటే ఉండనివ్వండి, మీరు మాత్రం ఎప్పటిలాగే పలకరిస్తూ ఉండండి.