డ్రెసాజ్ షోల ఖర్చు గురించి మా అమ్మలుకి

అమ్మలూ,

నీ ఉత్తరం చదివాను. ఈ సీజన్‌లో ఆరు డ్రెసాజ్ షోలకు, అంటే గుర్రం చేత వరసగా చెప్పిన కదలికలు చేయించి మార్కులు తెచ్చుకునే పోటీలకు, వెళ్దామనుకున్నానని, ఖర్చు లెక్క వేసేసరికి గుండె గుభేలుమందని రాశావు. నిజం చెప్పాలంటే నువ్వు వేసిన లెక్క కూడా తక్కువే. ఎంట్రీ ఫీజు, ట్రైలర్ బాడుగ మాత్రమే రాసుకున్నావు. అక్కడ గుర్రానికి తీసుకునే స్టాల్, అందులో పరిచే రంపపు పొట్టు, నీ మెంబర్‌షిప్, గుర్రం రిజిస్ట్రేషన్, కోచ్‌కి ఆ రోజుకిచ్చే ఫీజు, పశువుల డాక్టర్ కాగితాలు ఏవి? పైగా ఎంట్రీల గడువు దాటాక గుర్రం కుంటిందనుకో, కట్టిన డబ్బు తిరిగొస్తుందని ఆశ పెట్టుకోకు.

ఒకప్పుడు ఈ పోటీల్లో ఎక్కువగా సైనికాధికారులే ఉండేవారు. గుర్రాల పోషణ సైన్యమే చూసుకునేది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్లను డ్రెసాజ్‌లోకి రానిచ్చారు. పోలియో వల్ల మోకాళ్ల కింద చచ్చుబడిపోయిన డెన్మార్క్ రైడర్ లిస్ హార్టెల్ ఆ ఏడే వెండి పతకం గెలిచింది. ఆవిడ గురించి విన్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. మనలాంటివాళ్లకు తలుపులు తెరుచుకున్నందుకు సంతోషమే కానీ, దాణా నుంచి నాడా దాకా మన జేబులోంచే పెట్టుకోవాలి. అందుకే ఆచితూచి అడుగెయ్యమంటున్నాను.

షోలో నువ్వు కొనుక్కుంటున్నది ఏమిటో ఒకసారి ఆలోచించు. అరేనాలో, అంటే పోటీ బరిలో, ఉండేది ఐదారు నిమిషాలు. చేతికొచ్చేది జడ్జి మార్కులేసి, పక్కన నాలుగు మాటలు రాయించిన టెస్ట్ షీట్. రిబ్బన్ వస్తే మంచిదే, కానీ నీకు పనికొచ్చేది ఆ షీటే. కిందటిసారి షీట్‌లో రాసింది ఇంకా సరిచేసుకోకుండా మళ్లీ షోకెళ్తే, అవే మాటల కోసం రెండోసారి డబ్బు కట్టినట్టే. ఆరు షోలు వద్దు. రెండు చాలు, మహా అయితే మూడు. మిగిలిన డబ్బు పాఠాలకు పెట్టు. షోల కోసం పాఠాలు మానేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

మార్కులు పెరగాలంటే ఖరీదైన గుర్రం ఉండాలని నీ స్నేహితురాలు అందట. ప్రతి కదలికకూ సున్నా నుంచి పది దాకా మార్కులుంటాయి కదా, వాటిలో గుర్రం నడకను బట్టి వచ్చేవి కొన్నే. గుండ్రంగా చుట్టిన సర్కిల్, లోతుగా తీసుకున్న మూల, అరేనా నట్టనడుమ ఎక్స్ అనే చోట నిటారుగా ఆగడం, ఇవన్నీ రైడర్ చేతిలో పనులే. అరేనా వెడల్పు 20 మీటర్లు. 20 మీటర్ల సర్కిల్ అంటే రెండు పక్కల గోడలనూ తాకాలి. ఇంటి దగ్గర టేపుతో కొలిచి నాలుగు కోన్లు పెట్టి చుట్టి చూడు, నీ సర్కిల్ కోడిగుడ్డులా వస్తోందో లేదో తెలిసిపోతుంది. కింది స్థాయి టెస్టుల్లో చాలావాటిలో ఫ్రీ వాక్‌కి, అంటే పగ్గాలు వదులుచేసి గుర్రాన్ని మెడ చాచి నడవనిచ్చే కదలికకి, మార్కులు రెట్టింపు లెక్క. దాన్ని రోజూ పాఠం చివర్లో పది నిమిషాలు సాధన చేయడానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు.

ఇంకో మాట. ఏదైనా షోలో స్క్రైబ్‌గా పనిచేస్తానని అడుగు. జడ్జి పక్కన కూర్చుని ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయడమే పని. నేను ఒక్కరోజు అలా రాసి, మూడు సీజన్లలో బోధపడనిది తెలుసుకున్నాను. ఏ గుర్రం సెంటర్ లైన్ మీదకు, అంటే అరేనా పొడవునా నడిమధ్య గీత మీదకు, వంకరగా వస్తోందో ఆ కుర్చీలోంచి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

సామాన్ల విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చెయ్యొద్దు. ఒక ఏడు కొత్త కోటు, మెరిసే బూట్లు కొన్నాను. జీను మాత్రం పాతదే, సర్దుకుంటుందిలే అనుకున్నాను. షో నుంచి వచ్చిన రాత్రి జీను తీస్తే వీపంతా చెమటతో తడిసి ఉంది, భుజాల వెనక అటూ ఇటూ అరచేయంత మేర మాత్రం పొడిగా ఉంది. అక్కడ బొటనవేలితో మెల్లిగా నొక్కాను. గుర్రం చెవులు వెనక్కి పెట్టి, వీపును కిందికి కుంగదీసింది. దానికి నొప్పిగా ఉందని అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఆ సీజనంతా ట్రాట్ (దుడుకు నడక) బిగుసుకుపోయిందని షీట్లలో పదేపదే వచ్చింది, నేను దాన్ని బద్ధకం అనుకుని కాలితో పొడిచాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. టెస్ట్ షీట్‌లో కోటుకు గడి లేదు అమ్మలూ. కోటు, బూట్లు సెకండ్ హ్యాండ్‌వి తీసుకో. జీను అమరిక చూసే మనిషికి మాత్రం తప్పకుండా డబ్బివ్వు. హెల్మెట్ కొత్తదే కొను, కిందపడి తలకు దెబ్బ తగిలితే పైకి బాగానే కనిపించినా దాన్ని మార్చెయ్.

రాత్రి ఆగాల్సిన షోల కన్నా పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేవి ఎంచుకో. ట్రైలర్ ఇంకొకరితో పంచుకో. జూలు జడలు అల్లడం నువ్వే నేర్చుకో. అప్పుచేసి మాత్రం పోటీకి వెళ్లొద్దు. గుర్రానికి కడుపునొప్పి వస్తే అర్ధరాత్రి డాక్టర్‌ని పిలవాల్సి వస్తుంది, ఆ డబ్బు విడిగా పెట్టి దాని జోలికి పోకు.

కిందటి రెండు షీట్లూ నాకు పంపు. ఎక్కడెక్కడ ఒకే మాట మళ్లీ వచ్చిందో పెన్సిల్‌తో గీసి పంపిస్తాను. ఈలోగా ఎంట్రీ ఫారం నింపకు. నాడాలు వేయించి ఐదు వారాలు దాటిందన్నావుగా, ముందు ఆ పని చూడు.

ప్రేమతో,
పెద్దమ్మ