పార్కు జాగాలో కడీలు పాతుతున్నారు, కాలనీ సంఘం ముందు ఏం చేయాలి?

మీరు అడిగింది: పంచాయతీ కాలం నాటి లేఅవుట్ ఇప్పుడు మున్సిపాలిటీలో కలిసింది, పార్కు జాగాలో ఎవరో కడీలు పాతుతున్నారు, ధర్నా చేయాలా, కోర్టుకెళ్లాలా అని. తెలంగాణ వరకు చెబుతాను. ఆ రెండింటికన్నా ముందు కాగితాలు కావాలి.

లేఅవుట్‌లో 10 శాతం జాగాను ఖాళీగా వదిలి, స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. 5 ఎకరాలంటే 24,200 గజాలు, అందులో పార్కు 2,420 గజాలు. చాలాచోట్ల యజమాని ఆ డీడ్ రాయలేదు. రెవెన్యూ రికార్డులో పాత పట్టాదారు పేరే నిలిచిపోయి, ఏళ్ల తర్వాత వారసులు అమ్ముకుంటారు. గొడవలు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే.

అందుకే సమాచార హక్కు చట్టం (ఆర్‌టీఐ) కింద దరఖాస్తు పెట్టండి. సంఘం పేరుతో పెడితే తిప్పి పంపే వీలుంది, ఒక సభ్యుడి పేరుతోనే పెట్టండి. మున్సిపాలిటీలో రుసుము 10 రూపాయలు. 'ఎందుకు చర్య తీసుకోలేదు' అని అడిగితే జవాబు రాదు. ఎల్‌పీ నంబరుతో (లేఅవుట్ అనుమతి నంబరు) సహా లేఅవుట్ నకలు, గిఫ్ట్ డీడ్ నంబరు, తేదీ, పార్కును స్వాధీనం చేసుకున్న కాగితం అని పత్రాల పేర్లే రాయండి. 30 రోజుల్లో రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. పంచాయతీ ఫైలు పోయిందంటే లేఅవుట్లు మంజూరు చేసే డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖ) లేదా హెచ్‌ఎండీఏలో (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) అడగండి. పంచాయతీ ముద్ర ఒక్కటే ఉంటే లేఅవుట్ మంజూరైనట్టు కాదు, ఇది తెలియక మోసపోయినవాళ్లు ఎందరో.

ఈలోగా పార్కుకు నాలుగువైపులా ఉన్న ప్లాట్ల సేల్ డీడ్లు పోగుచేయండి. హద్దుల్లో 'తూర్పు: పార్కు' అనో 'ఓపెన్ ప్లేస్' అనో ఉంటుంది. మొదట ప్లాట్లు అమ్మినవాడే రాసిచ్చిన మాట అది, అతని వారసులు కాదనడం కష్టం. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే పత్రం) మాత్రం ప్లాటు నంబరుతో కాకుండా సర్వే నంబరుతో తీయండి, ఆ జాగా మీద కొత్త డీడ్ ఉంటే అందులోనే తేలుతుంది.

తర్వాత రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద ఆ జాగాను రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితాలో పెట్టించాలి. సంఘం సబ్ రిజిస్ట్రార్‌కు రాసే లేఖతో పని జరగదు. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులతో మున్సిపల్ కమిషనర్ చేత రాయించాలి. సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి, రశీదు తీసుకోండి.

సంఘం రిజిస్టర్ కాలేదన్నారు, ఆలస్యం చేయకండి. ఏడుగురు సభ్యులుంటే చాలు. నియమావళిలో ఉమ్మడి స్థలాల రక్షణ అన్న ఉద్దేశం తప్పక రాయండి. తర్వాత సివిల్ కోర్టులో కేవియట్ (మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దనే ముందస్తు అర్జీ) వేయండి. మీకు తెలియకుండా అవతలివాళ్లు ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) తెచ్చుకోకుండా అది 90 రోజులు అడ్డుపడుతుంది. గడువు దాటితే మళ్లీ వేసుకోవాలి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. కాపాడుకుందామనే మంచి ఉద్దేశంతోనే అందులో గుడో, సంఘం ఆఫీసో కట్టకండి. పార్కుకు వదిలిన స్థలాన్ని నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడం చెల్లదని బెంగళూరు కేసులో 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సంఘమే అందులో ఇంకోటి కడితే ఆ వాదన మీకు అక్కరకు రాదు. మొక్కలు నాటండి, చుట్టూ కంచె, 'మున్సిపల్ పార్కు' బోర్డు మున్సిపాలిటీ చేతే పెట్టించండి.