నేరేడు జామ్ గట్టిపడాలంటే

ప్రశ్న: కిలో నేరేడు గుజ్జులో కిలో చక్కెర వేసి అరగంట పైనే ఉడికించాను. చల్లారాక పాకంలా జారిపోయింది. మళ్లీ పొయ్యి మీద పెడితే రబ్బరులా సాగి, నల్లబడింది. ఎందుకిలా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: చక్కెర సరిపోయింది, పెక్టిన్ (పండులో ఉండి జామ్‌ను గట్టిపరిచే పదార్థం) సరిపోలేదు. పండులోని పెక్టిన్, పులుపు, చక్కెర మూడూ కుదిరితేనే జామ్ గట్టిపడుతుంది. బాగా మాగిన నేరేడులో పెక్టిన్ తక్కువ. ఎంతసేపు ఉడికించినా ఆ లోటు తీరదు, పాకం మాత్రం ముదురుతుంది. మీకు సాగింది అందుకే.

నేరేళ్ల కాలం అయిపోకముందే కలేకాయలు దిగుతాయి. వాక్కాయలన్నా అవే. వాటిలో పెక్టిన్, పులుపు రెండూ దండిగా ఉంటాయి కాబట్టి నేరేళ్లు, కలేకాయలు కలిపి వండండి. నేరేడు గుజ్జు 750 గ్రాములు, కలేకాయ గుజ్జు 250, చక్కెర 900.

కలేకాయలు సగం ఎర్రబడ్డవి తీసుకుని, చీల్చి, గింజలు తీసి ఉప్పునీళ్లలో వేస్తే పాల జిగురు పోతుంది. కడిగి, కొద్ది నీళ్లలో మెత్తగా ఉడికించి జల్లెడ పట్టండి. నేరేళ్లను మిక్సీలో వేయకండి, గింజ పగిలితే గుజ్జంతా చేదు. అరకప్పు నీళ్లతో పది నిమిషాలు ఉడికించి, స్టీలు జల్లెడ మీద చేత్తో రుద్దితే గింజ, తొక్క పైన మిగులుతాయి. పదింటికి రెండు దోర పండ్లు ఉంటే ఇంకా మంచిది.

అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న స్టీలు గంజు వాడండి. అల్యూమినియం వద్దు, పులుపుకు అది కరుగుతుంది. ఇనుప మూకుడులోనైతే నేరేడు వగరుకు రంగు నల్లబడుతుంది. చక్కెర కరిగేదాకా సన్నమంట, ఆ తర్వాత పెద్దమంట మీద కలుపుతూ ఉడికించాలి.

దింపే అదను చూడటమే అసలు పని. ఫ్రీజర్‌లో పెట్టిన పళ్లెం మీద చెంచాడు జామ్ వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టండి. పైన ముడత పడితే అయినట్టే. చూసేంతసేపూ గంజు పొయ్యి మీద నుంచి దింపే ఉంచాలి. థర్మామీటర్ ఉంటే వరంగల్‌లో 104 డిగ్రీలు చాలు. పుస్తకాల్లో రాసే 105 సముద్రమట్టపు లెక్క, మన దగ్గర నీళ్లే దాదాపు ఒక డిగ్రీ తక్కువకు మరుగుతాయి. ఖాళీ గంజు బరువు ముందే రాసుకుంటే మరో ఆధారం: ఈ కొలతకు దిగే జామ్ సుమారు ఒకటిన్నర కిలోలు.

సాగిపోయింది ఇక జామ్ కాదు. వేడినీళ్లలో పలుచన చేసి షర్బత్‌కు వాడుకోండి.

ప్రశ్న: నెల తిరిగేసరికి జామ్‌లో చక్కెర పలుకులు, పైన బూజు. ఏం చేయాలి?
– పరకాల

జవాబు: బూజు పట్టింది మొత్తం పారేయండి. పైపొర తీసేసి తినకూడదు. తడి సీసా, తడి చెంచా, చక్కెర తగ్గించడం – బూజుకు ఇవే కారణాలు. సీసాలను పది నిమిషాలు నీళ్లలో మరిగించి, బోర్లించి ఆరబెట్టి, అవి వేడిగా ఉండగానే వేడి జామ్ నింపండి. చల్లటి సీసాలో పోస్తే గాజు పగులుతుంది.

పలుకులు కట్టేది పులుపు తక్కువైతే, లేదా అతిగా ఉడికితే. పులుపుతో ఉడికిన చక్కెరలో కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోయి పలుకు కట్టనివ్వదు. కలేకాయ దొరకకపోతే కిలో గుజ్జుకు రెండు నిమ్మకాయల రసం పిండండి.

ప్రశ్న: మా అత్తమ్మకు షుగర్. నేరేడు మంచిదంటారు కదా, ఈ జామ్ పెట్టొచ్చా?
– ములుగు

జవాబు: వద్దమ్మా. నేరేడుదైనా సరే, జామ్‌లో సగానికి పైగా చక్కెరే. ఆమెకు పండ్లే పెట్టండి, అవీ ఎన్ని తినొచ్చో డాక్టరును అడిగి.